శివారు జ్ఞాపకాలు

కొంతకాలంగా మన సాహిత్యంలో ఒక రకపు రచన విరగ పండుతోంది. దాన్ని కథ అనాలో వ్యాసం అనాలో రాసినవారే చెప్పలేరు. "మా ఊరి జ్ఞాపకాలు" అని వాడుకపేరు. కోనసీమ ఈ పంటకు మంచి నేల. అమలాపురం చివర, పట్టణం అయిపోయి తోటలు మొదలయ్యేచోట, పెంకుటింట్లో పుట్టి పెరిగి, చదువుకుని, ఉద్యోగరీత్యా హైదరాబాదుకో అమెరికాకో చేరిన పెద్దమనిషి యాభయ్యోయేట తన బాల్యాన్ని తలుచుకుంటాడు. ఇంటి వెనక కాలువ, కాలువలో ఈత, గట్టుమీద ముంజెలు, కనుమనాడు జగ్గన్నతోటలో ప్రభల తీర్థం, ఇంటినిబట్టి తరవాణి గాని పులసపులుసు గాని, చివర "ఆ రోజులు మళ్ళీ రావు" అని ఒక నిట్టూర్పు. పది రచనలు చదివితే పదింటిలోనూ ఇదే సరంజామా. రచయితల పేర్లు మార్చి అచ్చువేసినా ఎవరూ పోల్చుకోలేరు.

ఇందులో తప్పేముంది అని అడిగేవారున్నారు. మనిషి తన బాల్యాన్ని ప్రేమించకూడదా? పుట్టిన నేలమీద మమకారం నేరమా? కానేకాదు. జ్ఞాపకంమీద ఎవరికీ పేచీ లేదు. పేచీ అల్లా జ్ఞాపకం పేరుతో జరుగుతున్న ఏరివేతమీద. ఏది గుర్తుంచుకోవాలి, ఏది మరిచిపోవాలి అన్నది ఈ రచనల్లో యాదృచ్ఛికంగా జరగటం లేదు. దానికొక సూత్రం వుంది. ఆ సూత్రం వర్గానిది, కులానిది. ఆ సూత్రం ప్రకారం తయారైన బొమ్మ పుస్తకంలో పడి వుండదు. వీధిలోకి వస్తుంది, సమయం వచ్చినప్పుడు పని చేస్తుంది. ఈ వ్యాసం చెప్పదలచుకున్నది ఇంతే.

ముందు "శివారు" అనే మాట చూద్దాం. ఈ జ్ఞాపకాల నాయకుడు తాను పట్నపు శివారులో పెరిగానని మురిపెంగా చెప్పుకుంటాడు. ఈదరపల్లి గాని, కామనగరువు గాని, బండారులంక గాని, పేరూరు గాని అతనికి అటు పట్నపు సదుపాయమూ ఇటు పల్లె అందమూ కలిసివచ్చిన చోటు. అమలాపురంలో బడీ, ఆస్పత్రీ, సినిమాహాలూ వుంటాయి. ఇంటికి వస్తే చెట్టూ చేమా వుంటాయి. అతనికి శివారు అంటే రెండు చేతులా లాభం.

డెల్టాలో ఈ మాటకు ఇంకో అర్థం వుంది. కాలువ చిట్టచివరి భూముల్ని శివారు ఆయకట్టు అంటారు. తలలో వున్న పొలాలన్నీ తడిసిన తర్వాత మిగిలితే శివారుకు నీరు. వానాకాలంలో పైపొలాలన్నీ వదిలిన మురుగు దిగేది కూడా శివారుకే. సాగునీరు అందరికంటె చివర వస్తుంది, ముంపునీరు అందరికంటె ముందు వస్తుంది. శివారు రైతుకు, అందులోనూ కౌలురైతుకు, ఇది అలంకారం కాదు, బతుకు.

మూడో అర్థం కూడా వుంది. కోనసీమలో ఊరు వేరు, పేట వేరు. ఏ ఊరికి వెళ్ళినా ఊరి చివర, కాలువగట్టునో, డ్రెయిను పక్కనో, పల్లంలోనో దళితుల పేట వుంటుంది. పేటవారు శివారును ఎంచుకోలేదు. వారిని అక్కడ పెట్టారు. పెద్దమనిషి ఇంటికి తోట అడ్డం వుంటే, తోటకు అవతల పేట వుంటుంది. ఒకే కాలువ ఇద్దరి ఇళ్ళ పక్కనా పారుతుంది. కాని జ్ఞాపకాల పుస్తకంలో కాలువ తోట దగ్గరే ఆగిపోతుంది.

ఇప్పుడు ఈ రచనలకు ఒక చిన్న పరీక్ష పెడదాం. పాఠకులు తమకు నచ్చిన ఏ పుస్తకంమీదనైనా ఈ పరీక్ష చేసి చూడవచ్చు. అందులో పేర్లు ఎవరెవరికి వున్నాయో లెక్కపెట్టండి. తాతగారికి ఇంటిపేరుతో సహా పేరుంటుంది. లెక్కల మాష్టారికి పేరుంటుంది. పెరటి మామిడిచెట్టుకు పేరుంటుంది. దున్నే గిత్తకు, ఈనిన ఆవుకు కూడా పేర్లుంటాయి. ఆ గిత్తను కడిగి, మేపి, నాగలికి కట్టి దున్నినవాడు మాత్రం "పాలేరు". చెట్టెక్కినవాడు "దింపువాడు". ఇల్లు అలికి, అంట్లు తోమి, ఈ రచయితను చంకనెత్తుకు మోసినామె "పనిమనిషి". పశువుకు పేరుండి పశువుల కాపరికి పేరు లేకపోవటం మతిమరుపు వల్ల జరిగేది కాదు. ఆ ఇంట్లో ఎవరిని మనిషి కింద జమకట్టారో అది చెబుతుంది. భూస్వామ్య సంస్కారం నలభయ్యేళ్ళు నగరంలో వున్నా వదలలేదనటానికి ఇంతకంటె రుజువు అక్కర్లేదు.

ఆ పాలేరుకు పేరు పెట్టినవాడు ఈ నేలమీదే పుట్టాడు. బోయి భీమన్న 1911లో మామిడికుదురులో ఒక దళిత కుటుంబంలో పుట్టాడు. "పాలేరు" పేరుతోనే నాటకం రాశాడు. "గుడిసెలు కాలిపోతున్నై" అనే ఆయన కావ్యానికి 1975లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. కోనసీమ గొప్పలు చెప్పుకునే రచనల్లో పూతరేకులకు దొరికినపాటి చోటు కూడా ఆయనకు దొరకదు. పూతరేకులూ కోనసీమవే, ఆత్రేయపురంవి. అయినా చోటు వాటికే.

ఈ జ్ఞాపకాల రెండో గుణం శ్రమను ప్రకృతిగా మార్చివేయటం. కోనసీమ పచ్చదనం "ప్రకృతి ప్రసాదించిన వరం" అని ప్రతివారూ రాస్తారు. ప్రకృతి ఇచ్చింది గౌతమీ వసిష్ఠల మధ్య, వైనతేయ చీల్చిన, సముద్రానికి ఆనుకున్న ఒండ్రునేల. మిగతాదంతా మనిషి చేసింది. ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై 1852లో పూర్తయింది. దానికి ముందు ఈ జిల్లా కరువుతోనూ ఉప్పెనలతోనూ క్షీణించిపోయిందన్న సంగతి కంపెనీవారి కాగితాలే ఒప్పుకున్నాయి. వైనతేయ మీదుగా గన్నవరం వద్ద అక్విడక్టు కట్టి నీటిని అవతలకు దాటించిన తర్వాతే నగరంలంక పచ్చబడింది. ఆనకట్ట అనగానే కాటన్ దొర విగ్రహానికి దండ వేస్తాం. వేయవచ్చు. కాని రాళ్ళు మోసినవారూ, కాలువలు తవ్వినవారూ కూలీలు. మట్టితట్ట ఎత్తినవారి మనుమలే ఈనాటికీ ఆ కాలువల చివర, శివారులో వున్నారు. పచ్చదనం దేవుడిచ్చాడంటే ఎవరికీ బాకీ వుండదు. మనిషి చేశాడంటే బాకీ తేలుతుంది. "ప్రకృతి వరం" అనే మాట వెనక వున్న సదుపాయం ఇదే.

కొబ్బరిచెట్టునే తీసుకోండి. జ్ఞాపకాల్లో అది వెన్నెట్లో తల ఊపుతుంది. తోటలో అది దింపుకు వస్తుంది. కాళ్ళకు బందం వేసుకుని మనిషి చెట్టెక్కాలి, వానకు నాచుపట్టిన మానుమీద కూడా. పడితే నడుం విరుగుతుంది, లేదా ప్రాణం పోతుంది. కింద ఇంకొకరు ఇనుపగునపంమీద కాయ ఒలుస్తారు. ఇంకొకరు బస్తా మోస్తారు. దింపు, ఒలుపు, మోత అని ఇవన్నీ వేరువేరు పనులు, వేరువేరు కూలిరేట్లు. కాయ అంబాజీపేట మార్కెట్టుకు చేరి, ధర వుంటే తోటయజమాని బాగుపడతాడు, లేకపోతే ముందు కోతపడేది కూలిమీద. వెన్నెల కొబ్బరాకుల గురించి వంద పేజీలు రాసిన కలం, బందం గురించి ఒక్క వాక్యం రాయదు.

బండారులంక మగ్గం మరొకటి. శివారు బాల్యాల్లో మగ్గం చప్పుడు "సంగీతం"గా వినపడుతుంది. విన్నవాడు వీధిలో వెళుతున్నాడు కనుక సంగీతం. నేసేవాడు గుంటలో కాళ్ళు పెట్టుకుని పొద్దుటినుంచి రాత్రిదాకా కూర్చున్నాడు. డెల్టాలో ముసురు పడితే ఆ గుంటలోకి నీరు ఊరుతుంది. అప్పుడు మగ్గం ఆగుతుంది, మగ్గంతో పొయ్యీ ఆగుతుంది. సంగీతం ఆగిందని బాధపడిన రచయితలున్నారు గాని, పొయ్యి ఆగిందని గమనించినవారు తక్కువ.

నదిమీది పంటి గురించీ ఇలాగే కన్నీళ్ళు కారుస్తారు. వంతెనలు వచ్చి పంటి ప్రయాణపు రుచి పోయిందట. ఎదుర్లంక, యానాంల మధ్య గౌతమిమీద వంతెన 2002లో వచ్చింది. దానికి జి.ఎం.సి. బాలయోగి పేరు పెట్టారు. కోనసీమలో దళిత కుటుంబంలో పుట్టి 1998లో లోక్‌సభ స్పీకరు అయిన మనిషి, 2002లో ప్రమాదంలో పోయాడు. రాత్రివేళ నొప్పులు వచ్చిన స్త్రీని నాటుపడవలో అవతలి ఒడ్డుకు తీసుకువెళ్ళవలసి వచ్చినవారిని అడిగితే పంటి రుచి ఎలాంటిదో చెబుతారు. సెలవులకు వచ్చినవాడికి పంటి విహారం. అక్కడ వుండేవాడికి అడ్డంకి.

ఇక ఈ రచనల్లో ఏమేమి లేవో చూడండి. 1995 జనవరి 8న పాశర్లపూడిలో చమురుసంస్థ బావి పేలింది. అరవై అయిదు రోజులు మండింది. ఆనాడు పదేళ్ళున్న పిల్లవాడికి ఇప్పుడు నలభై దాటాయి. అంటే సరిగా జ్ఞాపకాలు రాసే వయస్సు. ఇల్లు వదిలి పోయిన రాత్రులూ, ఆకాశమంత మంటా ఎవరి బాల్యంలోనూ ఎందుకు లేవు? 1996 నవంబరు 6 తుపానులో వెయ్యిమందికి పైగా ప్రాణాలు పోయాయి. కూలిన కొబ్బరిచెట్ల లెక్క జ్ఞాపకాల్లో వుంది. ఎగిరిపోయిన పాకల లెక్క, తిరిగిరాని మత్స్యకారుల లెక్క లేదు. 2011 ఖరీఫులో గిట్టుబాటు లేక, మురుగు కదలక, కోనసీమ రైతులు వేల ఎకరాలు బీడుపెట్టి పంటవిరామం ప్రకటించారు. పత్రికలు రైతు గోడు రాశాయి, రాయవలసిందే. నాట్లు లేని ఆ ఏడు నాట్లు వేసే స్త్రీ ఏమి తిన్నది? 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరం గ్రామంలో గ్యాసు గొట్టం పేలి ఇరవైమందికి పైగా నిద్రలోనే కాలిపోయారు. వారి కాళ్ళకింద పారిన గ్యాసు ఎక్కడో యంత్రాలను తిప్పింది. ఈ సంఘటనలన్నీ ఆ కాలువల పక్కనే, ఆ తోటల మధ్యనే జరిగాయి. జ్ఞాపకం వాటిని చుట్టుతిరిగి పోయింది.

గల్ఫు సంగతి కూడా అంతే. గోదావరి జిల్లాలనుంచి, ముఖ్యంగా పేటలనుంచి, ఆడవాళ్ళు ఏళ్ళ తరబడి కువైట్‌కూ ఇతర గల్ఫుదేశాలకూ ఇంటిపనికి వెళుతున్నారు. వారి పిల్లలు అమ్మమ్మల దగ్గర పెరిగారు. వారి బాల్యంలో కాలువగట్టు వుంది, కొబ్బరిచెట్టూ వుంది; కాని ముఖ్యమైన వస్తువు ఫోను. వారం వారం దానిలో వినపడే అమ్మ గొంతు. ఊరికి దూరమైన బాధ అమెరికా ఇంజనీరుకు సాహిత్యమయింది. కువైట్ వంటింట్లో వున్న మనిషికి అదే బాధ అరువుగొంతుతో కూడా అచ్చుకెక్కలేదు. బెంగ కూడా స్థోమతను బట్టే గౌరవం పొందుతుందన్నమాట.

దీనికి ఒక సమాధానం సిద్ధంగా వుంది. "మేము అప్పుడు పిల్లలం. పిల్లలకు కులం తెలుసా, వర్గం తెలుసా? ఆ అమాయకపు చూపునే రాశాం" అంటారు. రెండు మాటలు. మొదటిది, తోటకు అవతల పెరిగిన పిల్లకు అయిదోయేటికే తెలుసు, ఏ బావిదగ్గర ఆగాలో, ఏ అరుగు ఎక్కకూడదో, హోటల్లో తన గ్లాసు ఏ మూల వుంటుందో. అమాయకత్వం పిల్లలందరికీ సమానంగా పంచిన సొత్తు కాదు. కొందరి పిల్లలకు అది దక్కటానికి కొందరి పిల్లలు దాన్ని ముందే పోగొట్టుకున్నారు. రెండోది, రాస్తున్నవాడు పిల్లవాడు కాడు. యాభయ్యేళ్ళవాడు, పత్రికలు చదివేవాడు, ఓటు వేసేవాడు. పిల్లవాడి చొక్కా తొడుక్కుని పెద్దవాడి బాధ్యత తప్పించుకోవటాన్ని అమాయకత్వం అనరు.

ఇంకో చిత్రం. పోయిన తోటకోసం ఏడ్చేవారిలో తోట అమ్మినవారే వుంటారు. అమలాపురం చుట్టూ తోటలు ఇళ్ళస్థలాలయ్యాయి, కోస్తావైపు వరిచేలు రొయ్యలచెరువులయ్యాయి. ఆ కాగితాలమీద సంతకాలు ఎవరివి? పేటవారివా? వాటాలు పంచుకుని, ధర చూసుకుని అమ్మి, ఆ డబ్బు నగరంలో అపార్టుమెంటుగా మార్చుకుని, ఆ అపార్టుమెంటు బాల్కనీలో కూర్చుని "మా తోట పోయింది" అని రాయటం ఒక వర్గానికే చేతనయిన విద్య. రేమండ్ విలియమ్స్ 1973లో ప్రచురించిన "ద కంట్రీ అండ్ ద సిటీ"లో ఇంగ్లీషు సాహిత్యాన్ని వెనక్కు తిరగేసి చూపించాడు: ప్రతి తరమూ మంచి పల్లె తమ చిన్నతనందాకా వుండి ఇప్పుడే పోయిందంటుంది, ఆ చిన్నతనంలోని పెద్దలూ అదే మాట అన్నారు. ఇలా వెనక్కి పోతూ వుంటే బంగారుకాలం ఎక్కడా దొరకదు. దొరికేది ప్రతి తరంలోనూ భూమి చేతులు మారిన చరిత్ర. మన జ్ఞాపకాల రచయితలు ఆ చరిత్ర రాయవలసినచోట నిట్టూరుస్తున్నారు.

ఇదంతా సాహిత్యంలో అభిరుచుల తగాదా అయితే ఇంత చెప్పనక్కర్లేదు. కాని 2022 సంగతి మరిచిపోకూడదు. ఆ ఏప్రిల్ 4న కొత్తజిల్లాలు ఏర్పడ్డాయి. అల్లూరి పేర ఒక జిల్లా, ఎన్.టి.ఆర్. పేర ఒక జిల్లా, అన్నమయ్య పేర ఒకటి, సత్యసాయి పేర ఒకటి. ఆ పేర్లకోసం ఎక్కడా ఇళ్ళు తగలబడలేదు. అమలాపురం కేంద్రంగా కోనసీమ జిల్లా వచ్చింది. మే నెలలో దానికి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరు చేర్చాలని ప్రభుత్వం ప్రతిపాదించింది. మే 24న అమలాపురంలో మంత్రి పినిపే విశ్వరూప్ ఇంటికీ, శాసనసభ్యుడు పొన్నాడ సతీష్ ఇంటికీ నిప్పుపెట్టారు. ఒకరు దళితుడు, ఇంకొకరు వెనుకబడిన కులస్థుడు. బస్సులు తగలబెట్టారు, పోలీసులమీద రాళ్ళు రువ్వారు. ఆ ఏడే ప్రభుత్వం పేరును ఖాయం చేసింది. కాని ఆ మంటల్లో వినపడిన మాట గుర్తుచేసుకోండి. కోనసీమను కోనసీమగానే వుంచాలన్నారు. ఆ పేరుమీద ప్రేమ అన్నారు.

ఏ కోనసీమమీద ప్రేమ? అమలాపురం లోక్‌సభ స్థానం షెడ్యూల్డుకులాలకు రిజర్వయిన స్థానం. అమలాపురం, రాజోలు, గన్నవరం శాసనసభ స్థానాలూ అంతే. అంటే ఈ నేలమీద దళితులు ఎందరున్నారో చట్టమే ఒప్పుకుంది. పేటపేటకూ అంబేద్కర్ విగ్రహం వుంది. 2012 జనవరిలో అమలాపురంలో ఆ విగ్రహాలను ధ్వంసం చేస్తే జిల్లా అంతా అట్టుడికింది. ఇంతమంది వున్న నేల పేరులో వారి నాయకుని పేరు చేరితే అది "పరాయి" ఎలా అయింది? పరాయి కావాలంటే ముందుగా ఆ నేలను ఖాళీ చేసి వుంచాలి. చెట్లు, కాలువలు, గుళ్ళు, పిండివంటలు మాత్రమే వున్న కోనసీమను ఏళ్ళతరబడి మనసుల్లో నాటి వుంచాలి. ఆ పని ఎవరు చేశారు? జ్ఞాపకాలు రాసినవారు నిప్పు పెట్టారని నేను అనటం లేదు. చాలామంది ఆ రోజు బాధపడే వుంటారు. నేననేది, నిప్పు పెట్టినవారు ప్రేమించామన్న బొమ్మ వీరు గీసినదే. సినిమాలూ, టూరిజం ప్రకటనలూ దానికి రంగు వేశాయి. మనుషుల్లేని అందమైన బొమ్మలోకి మనిషి రాబోతే దురాక్రమణ అనిపిస్తుంది.

"అయితే ప్రతి జ్ఞాపకం చివరా ఒక నినాదం తగిలించాలా? అందం అక్కర్లేదా?" అని మరికొందరు అడుగుతారు. మన శిబిరంలోనే ఇంకొందరు దీనికి పూర్తిగా ఎదురు తిరిగి, బాల్యమూ ఇల్లూ ఊరూ అన్నీ పెటీబూర్జువా వ్యామోహాలని కొట్టిపారేస్తారు. ఈ ఇద్దరూ ఒకే పొరపాటు చేస్తున్నారు. జ్ఞాపకమంటే పై వర్గపు నిట్టూర్పు తప్ప వేరేది లేదని ఇద్దరూ నమ్ముతున్నారు. గోర్కీ "నా బాల్యం" చదివినవారు అలా అనలేరు. అద్దకపు పని చేసే తాత ఇంట్లో దెబ్బలూ వున్నాయి, అమ్మమ్మ చెప్పిన కథలూ వున్నాయి. అమ్మమ్మ మీద ప్రేమ దెబ్బల్ని దాచలేదు, దెబ్బలు అమ్మమ్మను చిన్నబుచ్చలేదు. మన భాషలో నామిని "పచ్చనాకు సాక్షిగా" చిత్తూరుజిల్లా రైతుకుటుంబపు ఆకలిని నవ్వుతూ చెప్పింది. ఖదీర్‌బాబు "దర్గామిట్ట కథలు" నెల్లూరు సీమ ముస్లిం ఇంటి పిల్లవాడిని మనకు చూపించింది. ఆ పుస్తకాల్లో అందం తక్కువైందని ఎవరైనా అనగలరా?

మన పక్కనే వున్న కాకినాడ చూడండి. ఎల్విన్‌పేట దళిత క్రైస్తవుల పేట. అక్కడ పెరిగిన సుజాత గిడ్ల 2017లో ఇంగ్లీషులో "యాంట్స్ అమాంగ్ ఎలిఫెంట్స్" ప్రచురించింది. మేనమామ సత్యమూర్తి, మనకు శివసాగర్‌గా తెలిసిన కవి, ఆమె తల్లి మంజుల, ఆ కుటుంబం మొత్తం అందులో పేర్లతో, గొంతులతో వున్నారు. పట్నపు శివారులో పెరిగిన జ్ఞాపకాలంటే అవీ. ఆ పుస్తకంలో ప్రేమ లేదా? వుంది. బెంగ లేదు. తిరిగి వెళ్ళి కూర్చోటానికి అక్కడ అరుగు లేదు గనక.

1943లో తెనాలిలో అభ్యుదయ రచయితల సంఘం పుట్టేనాటికి భావకవిత్వం ఊహాప్రేయసితో ఊహాలోకంలోకి పారిపోతూ వుండేది. దాన్ని పలాయనవాదమన్నాం. ఈనాటి పలాయనం గతంలోకి. ఊహాలోకానికి కనీసం చిరునామా లేదు. ఈ గతానికి చిరునామా వుంది, మండలం పేరుంది, పిన్‌కోడుంది. అందుచేత ఇది నిజమని పాఠకుడు నమ్ముతాడు. ప్రమాదం అక్కడే.

ఉపాధ్యాయ మిత్రులకూ విద్యార్థులకూ చేయదగిన పని చేతిలోనే వుంది. అమలాపురంలో, రాజోలులో, కొత్తపేటలో కాలేజీలున్నాయి. వాటిలో చదివే పిల్లల్లో సగం ఇళ్ళలో దింపు పనివారూ, నేతగాళ్ళూ, కౌలురైతులూ, గల్ఫునుంచి తిరిగి వచ్చిన తల్లులూ వుంటారు. తెలుగు క్లాసులో "మా ఊరు" అనే వ్యాసం ఏటా రాయిస్తారు. ఈసారి ఆ వ్యాసం ఇంట్లోవాళ్ళను అడిగి రాయమనండి. పాశర్లపూడి మండిన అరవై అయిదు రోజులు ఎక్కడ తలదాచుకున్నారని అడగమనండి. మొదటి చెట్టు ఏ వయస్సులో ఎక్కారని, మొదటిసారి విమానం ఎక్కేటప్పుడు పాపను ఎవరి చేతిలో పెట్టారని అడగమనండి. పేర్లతో రాయమనండి. భాష వంకరగా వుంటే దిద్దకండి. ఆ కాగితాలు పదేళ్ళపాటు పోగయితే కోనసీమకు దాని మొదటి పూర్తి చరిత్ర తయారవుతుంది. అంతవరకూ "మా కోనసీమ" అని ఎవరు రాసినా, ఆ "మా"లో ఎవరెవరున్నారని పాఠకుడు గట్టిగా అడగాలి. జవాబు చెప్పవలసినవాడు రాసినవాడే.